చీకట్లో రివాల్వర్ సాధన: టార్చి ఏ చేతిలో, వేలు ఎక్కడ?

జీడితోట (సబ్బవరం)

అందరికీ నమస్కారం. సబ్బవరం దగ్గర జీడి, మామిడి తోట మాది. ఇల్లు కూడా తోటలోనే. నాన్నగారు పోయాక లైసెన్సు నా పేరుకి మారింది. ఆయుధం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వారి .32 రివాల్వర్. షూటింగ్ రేంజికి వెళ్లినప్పుడు 10 మీటర్ల కాగితం మీద బాగానే పడుతున్నాయి. కానీ అదంతా పట్టపగలు, ఎదురుగా తెల్ల కాగితం, పక్కనే రేంజి ఆఫీసరు. నాకు అవసరమంటూ పడితే అలాంటి వేళ పడదు కదా. ఈదురుగాలి వీస్తే ముందు మా లైనే పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టాక రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అప్పట్లో తోటలో ఆకు అలికిడైనా నిద్ర పట్టేది కాదు.

పెద్దలని అడగాలనుకున్నవి ఇవి. టార్చి, రివాల్వర్ రెండూ పట్టుకుని కాల్చడం ఎలా సాధన చెయ్యాలి? గురి కనబడకపోతే దేన్ని చూసి కాల్చాలి? మా బావి గట్టు మనిషెత్తు ఉంటుంది, రాత్రిపూట దానికేసి నాలుగు గుళ్లు కాల్చి చూసుకోవచ్చా?

నేవీ_రిటైర్డ్ (ఉక్కునగరం)

చివరి ప్రశ్నకే ముందు జవాబు. వద్దు బాబూ. చీకట్లో మీ గుండు గట్టుకి తగిలిందో, పైనుంచి పోయిందో మీకు తెలియదు. గట్టులో రాయి ఉంటే అది ఎటు మళ్లుతుందో ఎవరికీ తెలియదు. పక్క పొలంవాడు రాత్రి నీళ్లు కట్టుకోవడానికి వచ్చి ఉండొచ్చు. అసలు గుళ్లు రేంజిలోనే కాల్చాలి. చీకటి సాధన ఖాళీ రివాల్వర్‌తో ఇంట్లో చెయ్యాలి. ఈ రెంటినీ కలపకండి.

చిన్న ఆయుధాలు నేర్పినవాడిగా ఒకటి చెబుతాను. గది ఈ మూల నుంచి ఆ మూలకి నాలుగైదు మీటర్లు. పగలు 10 మీటర్లలో కొట్టగలిగినవాడికి ఆ దూరంలో గురి పెద్ద సమస్య కాదు. ఎదురుగా ఉన్నది ఎవరు, చేతిలో ఏముంది అన్నదే సమస్య. టార్చి ఉన్నది అందుకు. ముందు వెలుగు, తర్వాత చూపు, తర్వాత నిర్ణయం. ట్రిగ్గర్ మీదకి వేలు రావడం ఆ తర్వాతే. ఈ వరస ఒంటికి పట్టేదాకా గుళ్ల మాట ఎత్తొద్దు.

పట్టు విషయానికొస్తే నేను హ్యారీస్ పద్ధతే నేర్పాను. 1970లలో మైకేల్ హ్యారీస్ అనే ఆయన పేరు మీద వాడుకలోకి వచ్చింది. టార్చిని ఎడమ గుప్పిట్లో పట్టుకోవాలి, వెలుగు చిటికెన వేలి వైపు నుంచి బయటికి రావాలి, బొటనవేలు వెనకున్న బటన్ మీద ఉండాలి. ఆ చేతిని రివాల్వర్ పట్టుకున్న చేతి కిందనుంచి పోనిచ్చి, రెండు చేతుల వెనక వైపులూ ఒకదానికొకటి ఆనించి బిగించాలి. ఆ బిగువే ఆసరా. ఇక్కడ వరస తప్పకూడదు. రివాల్వర్ చెయ్యి ముందు చాచాలి, టార్చి చెయ్యి ఆ తర్వాతే కిందనుంచి రావాలి. రెండూ ఒకేసారి కదిలిస్తే గొట్టం మీ ఎడమ మణికట్టు మీదుగా పోతుంది. అద్దం ముందు ఖాళీ రివాల్వర్‌తో నెమ్మదిగా చేసి చూసుకోండి, ఎక్కడ అడ్డం వస్తోందో తెలుస్తుంది.

గాజువాక_గార్డు

నమస్తే సార్. ఆర్మీలో చేసి వచ్చి ఇప్పుడు సెక్యూరిటీ డ్యూటీ చేస్తన్నాను. హ్యారీస్ మంచిదే గానీ మన ఈడు వాళ్లకి అది ఎక్కువసేపు నిలవదు. కాసేపటికే భుజం గుంజేస్తది, టార్చి కిందకి వాలిపోద్ది. నేను మెడ దగ్గర పట్టే పద్ధతి చేస్తాను. పిడికిలి దవడ పక్కన, చెవి కింద ఆనించాలి. తల ఎటు తిరిగితే వెలుగు అటే తిరుగుద్ది. పైగా వెనకనుంచి వెలుగు పడి ముందు గురి, అంటే గొట్టం చివరనున్న మొన, నల్లగా తేటగా కనబడతది. ఒక్క చిక్కు, రివాల్వర్ ఒంటి చేత్తో కాల్చాలి. మన .32కి సుత్తి ఎత్తకుండా లాగితే ట్రిగ్గర్ చాలా బరువు. అందుకే ఒంటి చేత్తో లాగడం పగలే రేంజిలో బాగా కాల్చుకుని ఉండాలి.

ఇంకోటి సార్. ఒక చెయ్యి గట్టిగా బిగిస్తే రెండో చెయ్యి తనంతట తనే బిగుస్తది. టార్చి బటన్ నొక్కేటప్పుడు కుడిచేతి వేలు ట్రిగ్గర్ మీద ఉందనుకోండి, మీరు కాల్చాలనుకోకపోయినా పేలిపోద్ది. కాలు జారినా, ఎవరైనా అరిచి ఉలిక్కిపడినా అంతే. వేలు నిటారుగా, ట్రిగ్గర్ పైనున్న ఫ్రేము పక్కన ఆనించి ఉంచాలి. బటన్ నొక్కు, వేలు ఎక్కడుందో చూసుకో. మా కుర్రాళ్లచేత ముందు ఇదొక్కటే చేయిస్తాను.

నేవీ_రిటైర్డ్ (ఉక్కునగరం)

గార్డు గారి రెండో మాట బంగారం. మొదటిదానితో సగమే ఏకీభవిస్తాను. మెడ పద్ధతిలో వెలుగు మీ ముఖం పక్కనే ఉంటుంది, ఎదుటివాడు దాన్ని చూసి విసిరినా కాల్చినా తగిలేది తలకే. ఎఫ్‌బీఐ పద్ధతి అని ఒకటుంది, టార్చి చేతిని ఒంటికి దూరంగా, తలకంటే పైకి చాచి పట్టుకుంటారు. వెలుగు ఒకచోట, మనిషి ఒకచోట. వెతకడానికి అది మంచిది. కాల్చే పరిస్థితి వస్తే హ్యారీస్‌కో, మెడకో మారాలి. ఆ మార్పు కూడా సాధన చేసే తీరాలి.

తుపాకీకే బిగించే లైట్ల గురించి ఎవరైనా అడిగేలోపు నేనే చెబుతాను. మన రివాల్వర్‌కి అది బిగించే చోటే లేదు. ఉన్నా ఇంట్లో వద్దంటాను. అలికిడి ఎటొస్తే అటు గొట్టం తిప్పితేగాని వెలుగు పడదు. అక్కడ మంచినీళ్లకి లేచిన మీ అబ్బాయి ఉంటే?

కళ్లజోడు_మర్రిపాలెం

మాది కంటి పరీక్షల వృత్తి. తుపాకీ సంగతులు తెలియవు, కళ్ల సంగతి చెబుతాను.

రంగులూ, సన్నని వివరాలూ చూసేవి కోన్ కణాలు. మసక వెలుగులో చూసేవి రాడ్ కణాలు. చూపుకి నట్టనడుమ, మనం సూటిగా చూసే చోట, రాడ్లు ఉండవు. అందుకే చీకట్లో ఒక ఆకారాన్ని సూటిగా చూస్తే మాయమైనట్టుంటుంది, కాస్త పక్కకి చూస్తే కనబడుతుంది. బాగా వెలుగులోంచి చీకట్లోకి వెళ్తే కళ్లు పూర్తిగా సర్దుకోవడానికి అరగంట దాకా పడుతుంది. ఒక్కసారి టార్చి వెలుగు గానీ, ఫోను తెర గానీ కంట్లో పడితే ఆ సర్దుబాటు చాలావరకు చెదిరిపోతుంది. మంచం మీద ఫోను చూస్తూ ఉండి, చప్పుడు విని లేచి బయటికొచ్చిన మనిషికి ఆ క్షణంలో దాదాపు ఏమీ కనబడదు.

జీడితోట గారూ, మీకు నలభై దాటి ఉంటే చత్వారం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముందు గురి చెయ్యి చాచినంత దూరంలో ఉంటుంది. దూరపు అద్దాలతో అది మసకగా, చదివే అద్దాలతో ఎదుటి మనిషి మసకగా కనిపిస్తారు. శుక్లాలు మొదలైతే ఎదురు వెలుగుకి కళ్లు చెదురుతాయి. రేచీకటి లక్షణాలుంటే మరీ జాగ్రత్త. లైసెన్సు రెన్యువల్ వచ్చేలోపు ఒకసారి కళ్లు పరీక్ష చేయించుకోండి. రాత్రి పెట్టుకునే కళ్లజోడు టార్చి పక్కనే ఉండాలి. కళ్లజోడు వెతుక్కుంటూ రివాల్వర్ పట్టుకున్న మనిషి ఇంట్లోవాళ్లకే ప్రమాదం.

జీడితోట (సబ్బవరం)

అమ్మా, చాలా థాంక్స్. యాభై దాటాయి, చత్వారం ఉంది. చీకట్లో మెరిసే గురి చుక్కలు పెట్టించుకోమని ఒకాయన చెప్పాడు. పనికొస్తాయా?

నేవీ_రిటైర్డ్ (ఉక్కునగరం)

అవి ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు నింపిన చిన్న గొట్టాలు. ట్రిటియం సగం కాలం 12.3 ఏళ్లు, అంటే పుష్కరం గడిచేసరికి వెలుగు సగానికి పడిపోతుంది. అవి మీ రివాల్వర్ గొట్టం ఎటుందో చూపిస్తాయి, ఎదురుగా ఎవరున్నారో చూపించవు. ఎదుటి మనిషి ముఖం కనబడేంత వెలుగుంటే మామూలు నల్ల గురి కూడా కనబడుతుంది. డబ్బులు టార్చి మీద పెట్టండి.

లా_పాయింటు (విశాఖ కోర్టులు)

బావి గట్టు ప్రశ్న చూసి రాస్తున్నాను. 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం సెక్షన్ 25(9) ప్రకారం, నిర్లక్ష్యంగా గానీ సంబరాల కోసం గానీ తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. సొంత తోట అన్న మాట అక్కడ నిలబడదు. పైగా లైసెన్సుకే ఎసరు.

ఇక అందరి మనసులో ఉండే ప్రశ్న. రాత్రి ఇంట్లోకి చొరబడ్డవాణ్ని కాల్చొచ్చా? 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. ఆస్తి రక్షణలో ప్రాణం తీసేదాకా వెళ్లగల సందర్భాలు సెక్షన్ 41లో ఉన్నాయి. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపు ఇల్లు పగలగొట్టి చొరబడటం వాటిలో ఉన్నాయి. చాలామంది ఇంతవరకే చదివి ధైర్యం తెచ్చుకుంటారు. ఆ సెక్షన్ మొదట్లోనే 37కి లోబడి అని ఉంది. 37 ఏమంటుందంటే, రక్షణకి అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చెయ్యకూడదు, అధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చినా, తోటలో జీడిపిక్కలు ఏరుకుంటున్నవాణ్ని కాల్చినా ఈ హక్కు మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి.

చీకటి కాబట్టి కనబడలేదు అనడం వల్ల మీ పని తేలికైపోదు. దక్షిణాఫ్రికాలో ఆస్కార్ పిస్టోరియస్ కేసు గుర్తుండే ఉంటుంది. 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, మూసి ఉన్న బాత్రూం తలుపు గుండా నాలుగుసార్లు కాల్చాడు. లోపల దొంగ ఉన్నాడనుకున్నానని చెప్పాడు. ఉన్నది అతని ప్రియురాలు రీవా స్టీన్‌క్యాంప్. 2015 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్ని హత్యగానే తేల్చింది. అది వాళ్ల చట్టం, మన చట్టం వేరు. కానీ తలుపు అవతల ఎవరున్నారో చూడకుండా ఎందుకు కాల్చావన్న ప్రశ్న ఏ దేశం కోర్టయినా అడుగుతుంది. నేవీ సార్ చెప్పిన వరసలో చూపు ముందు, వేలు తర్వాత అన్నది మీ కేసుకి కూడా ప్రాణం.

పది_మీటర్లు (ఎంవీపీ కాలనీ)

నేను ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తాను. అంకుల్, మీరూ ఒకటి కొనుక్కోండి. 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్లు మించని ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. వెనక దళసరి చెక్క, దాని ముందు పెల్లెట్లు పట్టే పెట్టె పెట్టుకుని, గదిలో వెలుగు తగ్గించి, టార్చితో సాధన చెయ్యొచ్చు. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి, పెల్లెట్ వెనక్కి ఎగురుతుంది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మా పోటీ పిస్టల్ ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉంటే చాలు. మీ రివాల్వర్‌ది దానికి ఎన్నో రెట్లు. కాబట్టి దీనితో చూపు, టార్చి, నిలబడే తీరు వస్తాయి. ట్రిగ్గర్ లాగడం రాదు. దానికి మందు లేని డమ్మీ తూటాలు వేసి డ్రై ఫైర్, అంటే ఉత్తుత్తిగా ట్రిగ్గర్ లాగడం, చెయ్యాల్సిందే.

భీమిలి_గాలి

అందరూ కాల్చడం గురించే మాట్లాడుతున్నారు. మాది భీమిలి రోడ్డులో విడి ఇల్లు, మా వారు తరచూ ఊళ్లు తిరుగుతారు. మా ఇంట్లో తుపాకీ లేదు. కానీ చీకటి సాధన నేనూ చేస్తాను. కరెంటు పోయినప్పుడు పిల్లల్ని తీసుకుని ఏ గదిలోకి వెళ్లాలి, గడియ ఎటు తిప్పాలి, ఫోను ఎక్కడ, 112కి అడ్రస్ ఎలా చెప్పాలి అన్నవి పిల్లలకీ నేర్పాను. లోపల లైట్లు ఆర్పి, బయట మాత్రం మనిషి కదిలితే వెలిగే సోలార్ లైట్లు పెట్టుకున్నాం. బయటివాడు వెలుగులో ఉంటాడు, మనం చీకట్లో ఉంటాం. జీడితోట గారూ, ఎన్నికలు వస్తే మీ రివాల్వర్ స్టేషన్‌లో జమ చేస్తారు కదా. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, జూన్ 4న లెక్కింపు. అన్నాళ్లూ మీ ఇంటి రక్షణ ఏమిటి? తుపాకీ లేకుండా నిలబడే ఏర్పాటు ముందు ఉండాలి, తుపాకీ దాని మీద అదనం.

గాజువాక_గార్డు

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఇల్లంతా గది గది వెతకడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఫోర్సులోనే నలుగురు కలిసి చేస్తారు. ఒక గదిలో కుటుంబాన్ని పెట్టుకుని, తలుపుకి ఓరగా నిలబడి, 112కి ఫోన్ చేసి, గట్టిగా అరవాలి. ఎవరది, పోలీసులు వస్తన్నారు అని. ఆ అరుపు కూడా సాధన చెయ్యాలి సార్. భయంలో గొంతు రాదు.

తెల్ల సున్నం గోడల గురించి ఒక మాట. బాగా పవరున్న టార్చి తెచ్చి ఇరుకు నడవలో వేస్తే గోడమీంచి వెలుగు తిరిగొచ్చి మన కళ్లనే కొడతది. లోపలికి మధ్యరకం చాలు. తోటలోకి వేరే పెద్దది పెట్టుకోండి. వెలిగించినా ఎక్కువసేపు ఉంచకండి. వెలిగించు, చూడు, ఆర్పు, ఒక అడుగు పక్కకి జరుగు.

నేవీ_రిటైర్డ్ (ఉక్కునగరం)

సాధన ఎలాగో ఇంకా ఎవరూ విడమరచలేదు, కాబట్టి రాస్తాను. ముందు గుళ్లన్నీ వేరే గదిలో పెట్టి తాళం వెయ్యండి. రివాల్వర్‌లో గుళ్లు లేవని మీరు చూడాలి, ఇంట్లో ఇంకొకరు చూడాలి. సిలిండర్‌లో ఆరు గదులూ వేలితో తడిమి చూడాలి. చీకట్లో కంటిని నమ్మొద్దు.

అసలు రివాల్వర్ కన్నా మంచి ఉపాయం ఒకటుంది. నేను ఏటికొప్పాక వైపు వెళ్లినప్పుడు ఒక వడ్రంగిచేత అంకుడు కర్రతో రివాల్వర్ కొలతల్లో దుంగ ఒకటి చేయించి, లక్కపసుపు వేయించాను. చూడగానే బొమ్మ అని తెలిసిపోతుంది. దానితో ఇంట్లో మనుషుల మధ్యే సాధన చెయ్యొచ్చు. అసలు ఆయుధం ఎప్పుడూ ఎవరివైపూ తిప్పకూడదు కాబట్టి ఇలాంటిది లేకపోతే ఆ సాధనే కుదరదు.

ఫోటోస్టాట్ షాపులో మనిషంత సైజులో బొమ్మలు వేయించండి. ఒకడి చేతిలో కత్తి. ఒకడి చేతిలో టీవీ రిమోట్. ఒకామె చేతిలో చంటిపిల్ల. ఒకాయన చేతిలో చేతికర్ర. ఇంట్లోవాళ్లు మీకు తెలియకుండా ఒక బొమ్మని ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి. మీరు లైట్లార్పిన గదిలో టార్చి వెయ్యాలి, చేతుల వైపు చూడాలి, ఏం కనబడిందో పైకి చెప్పాలి. చేతిలో రిమోట్, తెలిసిన మనిషి, వేలు ఫ్రేము మీద. ఇలా నోటితో అంటూ చెయ్యాలి. కత్తి ఉన్న బొమ్మలు తక్కువ పెట్టమనండి. ఎక్కువసార్లు కాల్చకుండా ఆగడమే వస్తూ ఉండాలి, నిజ జీవితంలోనూ అదే ఎక్కువ కదా.

గుళ్లు మార్చడం కూడా చీకట్లో చేసి చూడండి, డమ్మీలతో. మన రివాల్వర్ నడుమ విరిచి తెరిచేది, పాత వెబ్లీ రివాల్వర్ల వరసలోది. తెరవగానే ఖాళీ తొడుగులు కిందపడతాయి, రెండు చేతులూ కావాలి. మరి టార్చి ఎక్కడ? చంకలో, వెలుగు వెనక్కి ఉండేలా, ఆర్పి. చాలామందికి ఆ క్షణంలో టార్చి నేలమీద పడి దొర్లుకుంటూ వెళ్లి వాళ్ల ముఖం మీదకే వెలుగు కొడుతుంది. మణికట్టుకి తాడు కట్టుకుంటే ఆ బాధ ఉండదు.

లా_పాయింటు (విశాఖ కోర్టులు)

ఆ బొమ్మల సాధన చాలా నచ్చింది. ఇంకొకటి కలపండి. నిజంగా ఏదైనా జరిగాక పోలీసులు వచ్చేసరికి మీ చేతిలో తుపాకీ ఉండకూడదు. చీకట్లో వాళ్లకి మీరెవరో తెలియదు, చేతిలో ఆయుధం ఉన్న మనిషి అంతే. 112కి చెప్పేటప్పుడే మీరు ఏ గదిలో ఉన్నారో, ఏం తొడుక్కున్నారో, లైసెన్సు ఆయుధం ఉందని చెప్పండి. ఎవరైనా గాయపడితే అంబులెన్స్ కూడా అడగండి, 108. కాల్చాల్సి వచ్చినా ఎదుటివాణ్ని బతికించే ప్రయత్నం చేశారన్నది రికార్డులో ఉండాలి.

జీడితోట (సబ్బవరం)

గట్టు ఆలోచన పూర్తిగా మానేశాను. ఏటికొప్పాక మాకు దూరమేమీ కాదు, కర్ర దుంగ చేయిస్తాను. సోలార్ లైట్లు రెండు వైపులా పెట్టిస్తాను. మా ఆవిడ ఈ చర్చ అంతా చదివి, బొమ్మలు తనే దాచిపెడతానంది, పడక గది గడియ కూడా మార్పించమంది. ఆఖరి ప్రశ్న. ఇంట్లో ఉన్న పాత టార్చి అవసరానికి వెలగట్లేదు, విప్పి చూస్తే స్ప్రింగంతా పచ్చగా చిలుం పట్టింది. మన తేమకి ఏది నిలుస్తుంది?

నేవీ_రిటైర్డ్ (ఉక్కునగరం)

మామూలు ఆల్కలైన్ సెల్స్ టార్చిలో నెలల తరబడి వదిలేస్తే కారతాయి, చిలుం అందుకే. లిథియం సెల్స్ అలా కారడం అరుదు, నిల్వ కూడా ఎక్కువ కాలం ఉంటాయి. రీచార్జ్ రకమైతే నెలకోసారి చార్జింగ్ చూసుకోవాలి, తుపాను హెచ్చరిక రాగానే మళ్లీ చూసుకోవాలి. మూత దగ్గర రబ్బరు రింగుకి కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. బటన్ వెనకవైపు ఉండేది, సగం నొక్కితే వెలిగి వదిలితే ఆరేది తీసుకోండి. ఒక్క బటన్‌తో నాలుగైదు రకాలుగా మిణుకుమిణుకుమనేవి వద్దు, కంగారులో ఏది వెలుగుతుందో తెలియదు.

రివాల్వర్‌కి కూడా ఇదే గాలి. తోలు ఒరలో పెట్టి నిల్వ చెయ్యకండి, తోలు తేమ పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి, సిలికా జెల్ సంచి వేసిన పెట్టెలో తాళం వేసి పెట్టండి. తూటాలకి మాత్రం నూనె తగలనివ్వకండి. ఇత్తడి మీద పచ్చమచ్చ కనబడినవి పక్కన పెట్టి, కొన్నచోటే అడిగి అప్పగించండి.